ఒక పెన్నీ అతిథులు

ప్రయాణము లేదు, ఎదురుకోవలసిన చుట్టము లేడు, సాగనంపవలసిన అల్లుడు లేడు. అయినను స్టేషనుకు పోయి గంటల తరబడి నిలుచుండువానిని చూచి మనము ఏమనుకొందుము? పని లేనివాడనుకొందుము, కొంచెము అనుమానపు మనుషులమైతే జేబుదొంగ యనుకొందుము. ఇంగ్లండులో ఇట్టివారు వేలకొలదిగ ఉండెడివారు. వచ్చిపోవు ఇంజనుల నంబర్లు నోటుబుక్కులో వ్రాసికొనుట, వీలైనచో ఫోటో తీయుట, ఇదే వారి వ్యాసంగము. స్టేషనులు వారిని ఒకప్పుడు ఆదరించినవి, ఒకప్పుడు తరిమినవి.

ఈ వ్యాసంగము అంతకు ముందును కలదు గాని, దానికొక పుస్తకము దొరికినది యుద్ధకాలమున. 1942లో సదరన్ రైల్వేవారి వాటర్లూ కార్యాలయమున ఇయన్ అలన్ అను ఇరువదియేండ్ల గుమాస్తా ఉండెను. బాల్యములో జరిగిన ప్రమాదమున ఒక కాలు పోగొట్టుకొన్నవాడు. ఇంజనులను గూర్చి ప్రజలు వ్రాయు జాబులకు బదులు వ్రాయుట అతని పనులలో ఒకటి. అడిగినవారికెల్ల అదే సంగతి మరల మరల వ్రాయుట విసుగై, నంబర్లన్నియు ఒక చిన్న పుస్తకముగ అచ్చువేసిన బాగుండునని పైవారికి విన్నవించినాడు. వారికది రుచింపలేదు. తానే అచ్చువేయించినాడు. వెల ఒక షిల్లింగు. తొలి కూర్పు 2,000 ప్రతులును త్వరలోనే చెల్లిపోయినవి.

ఆ కాలమెట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొన్నగాని ఇందలి వింత తెలియదు. ఫోటోలు తీయుటకు 1939 నుండి ప్రభుత్వపు ఆంక్షలుండెను. శత్రువు దిగినచో దారి తెలియకుండుటకై 1940లో స్టేషనుల పేరు పలకలనే తొలగించినారు. పెన్సిలు పట్టి రైళ్ళు లెక్కించు పిల్లవానిని గూఢచారి యనుకొనుటలో తప్పు లేని రోజులవి. సరిగా ఆ రోజులలోనే ఇంజనుల జాబితా అంగడిలో షిల్లింగునకు దొరకినది!

పుస్తకము చేత బట్టిన బాలురు స్టేషనులకు ఎగబడినారు. టామ్‌వర్త్ అను ఊరిలో రెండు పెద్ద మార్గములు ఒకదాని మీదుగా ఒకటి పోవును. ఒక్కచోట నిలిచి రెండు దారుల బండ్లను చూడవచ్చును గనుక అది వారికి పుణ్యక్షేత్రమైనది. కొందరు హద్దు దాటి పట్టాల మీదికి పోయినారు; 1944లో పెద్ద రభస జరిగినది. అలన్ అప్పుడొక ఉపాయము పన్నినాడు. ఇంజను దర్శకులకొక సంఘము స్థాపించి, రైల్వే ఆవరణలో అనుమతి లేక అడుగుపెట్టనని మాట ఇచ్చినవారినే సభ్యులుగ చేర్చుకొన్నాడు. సభ్యుల సంఖ్య లక్ష దాటినది. మా అభిప్రాయమున ఆ పుస్తకము కంటె ఈ ఒప్పందమే గొప్పది. పోలీసులు తరిమిననాడు లొంగని పిల్లలు, తాము ఇచ్చిన మాటకు కొంతవరకైన కట్టుబడినారు. కొంతవరకే! క్రూ వంటి పెద్ద జంక్షనులలో సైతము అధికారులు విసిగి, వారిని లోనికి రానీయని సందర్భములు తరువాత కలవు.

లోనికి పోవు హక్కు మాత్రము ప్లాట్‌ఫారము టిక్కెట్టు వలన వచ్చెడిది. వెల ఒక పెన్నీ. చాల టిక్కెట్ల మీద ఒక గంట మాత్రమే చెల్లునని అచ్చువేసి యుండెడిది. గంట దాటిన పిల్లవానిని చూచియు చూడనట్లుండుటయో, చెవి పట్టి పంపుటయో పోర్టరు దయ. అసలు చట్టము ఆ పోర్టరు మనస్సే యనవచ్చును.

1948లో రైల్వేలు జాతీయమైననాడు ఆ దేశమున సుమారు 20,000 ఆవిరి ఇంజనులుండెను. 1968 ఆగస్టుతో ప్రధాన మార్గములపై వాని వాడుక ముగిసినది. అత్యధిక భాగము పాత యినుమై కరగిపోయినది. ఏ ఇంజను ఏ నాడు ఏ బండిని లాగెనో తెలియవలెనన్న, ఆ పిల్లల నోటుబుక్కులును ఫోటోలును అక్కరకు వచ్చుచున్నవి. పోర్టరు దయతలచిన గంటలన్నియు ఈ విధముగ చరిత్రకు జమపడినవి.

ఉగ్రవాదభయము వచ్చిన తరువాత పాత అనుమానము మరల తల యెత్తినది. 2000 నాటి చట్టములోని 44వ సెక్షను, కారణము చూపకయే మనిషిని ఆపి సోదా చేయు అధికారమును పోలీసులకిచ్చినది. కెమెరా పట్టినవారు పలువురు దీని వాత పడినారు. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2010లో ఆ అధికారమును తప్పుపట్టినది. ప్రభుత్వము దానిని విరమించుకొన్నది. రైల్వేవారు మాత్రము స్వంత సరదాకు ఫోటో తీయుటను కాదనలేదు. మెరుపుదీపము వాడరాదన్నారు, డ్రైవరు చూపు చెదరును గనుక. ఇది న్యాయమే. అభిమానులు తప్పు చేయరనియు అనలేము. 2016 ఫిబ్రవరి 25న బాగుచేయబడిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజను లండను నుండి యార్కు పోవుచుండగ, దానిని చూడ వచ్చినవారే పట్టాల మీదికెక్కి దానిని ఆపవలసి వచ్చునట్లు చేసినారు.

ఎరిక్ ట్రీసీని చెప్పక విడుచుట తగదు. 1930లలో ఈయన లివర్‌పూలులోని ఎడ్జ్ హిల్‌లో మతగురువు. అచ్చటి ఇంజను షెడ్డుకు పోయి డ్రైవర్లతోను, బొగ్గువేయువారితోను స్నేహము కలుపుకొన్నాడు. వారి బండ్లను ఫోటోలు తీసినాడు. కాలక్రమమున వేక్‌ఫీల్డు బిషప్పై, రైల్వే బిషప్పని పేరొందినాడు. 1978 మే 13న, డెబ్బదియేండ్ల వయస్సున, ఆపిల్‌బీ స్టేషనులో కెమెరాతో నిరీక్షించుచుండెను. రావలసినది ఈవెనింగ్ స్టార్, అనగా బ్రిటిష్ రైల్వేలు 1960లో కట్టిన కడపటి ఆవిరి ఇంజను. అది రాకమునుపే ఆ ప్లాట్‌ఫారము మీద ఆయన కూలి మరణించినాడు. స్టేషనులో ఆయన పేర ఒక ఫలకమున్నది.