బోరు గడి వెనుక కథ



నేను రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన రోజులలో తుపాకీ లైసెన్సుల రిజిస్టరు కొంతకాలం నా బల్ల మీద ఉండేది. లైసెన్సుదారుని పేరు, ఊరు, తుపాకీ నెంబరు కాక "బోరు" అని ఒక గడి, "ఎన్ని తూటాలు" అని మరొక గడి ఉండేవి. ఒకసారి బోరు గడి పూరించకుండా ఫైలు పైకి పెట్టాను. మా హెడ్ గుమాస్తా గారు వెనక్కి పంపి, "ఆ గడి ఖాళీగా ఉంటే లైసెన్సుకు విలువ లేదు నాయనా" అన్నారు. బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి వ్యాసమని ఆ రోజే తెలుసుకున్నాను. ప్రభుత్వానికి ఆ కొలత మీద అంత పట్టింపు ఎందుకో మాత్రం రిటైరయిన తరువాత పుస్తకాలు తిరగేస్తేనే బోధపడింది.

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేల్చిన తరువాత మిగిలేది డొల్ల ఒక్కటే. టోపీ మార్చి, మందు, గుండు పెడితే అది మళ్లీ తూటా అవుతుంది. అంతేకాదు, కంచరి చెంబుకు మెడ తీసినట్లు, డొల్ల మూతిని వేడిచేసి మెత్తబరిచి ఉక్కు అచ్చులో నొక్కితే, వేరొక బోరు తుపాకీకి సరిపోయే డొల్ల తయారవుతుంది. అందుకే పోలీసు శాఖలో కాల్పుల సాధన అయ్యాక ఖాళీ డొల్లలను ఏరి, లెక్కపెట్టి అప్పగించే ఆనవాయితీ ఉన్నది.

కొన్ని తూటాల పేరులోనే వాటి పుట్టుక తెలుస్తుంది. 1866 లో వచ్చిన స్నైడర్ తుపాకీ బోరు అంగుళంలో వెయ్యింట 577 వంతులు. 1871 లో మార్టినీ-హెన్రీ తుపాకీ వచ్చినప్పుడు లావైన 577 డొల్లకే మూతి 450 కి సన్నబరిచారు. కనుకనే ఆ తూటాను "577/450" అన్నారు. మొదటి అంకె తండ్రిది, రెండవది బిడ్డది అనుకోవచ్చు.

మన దేశంలో ఈ కొలతలకు రాజకీయం కూడా తోడయింది. 1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాల కొవ్వు ఒకటని మనం చదువుకున్నదే. ఆ తిరుగుబాటు అణిచిన తరువాత దేశీయ సిపాయిలకు గొట్టంలో మరలు లేని తుపాకులు ఇచ్చారు. వాటి గుండు దూరం పోదు, గురి నిలవదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో 450 బోరు వేట తుపాకుల దిగుమతిని కూడా నిషేధించారు. వాటి గుండ్లు తిరుగుబాటుదారుల మార్టినీ తుపాకులకు పనికివస్తాయని భయం. లండన్ తుపాకీ వ్యాపారులు ఊరుకోలేదు. 500 డొల్ల మూతి బిగించి 470 వంటి కొత్త బోర్లు పుట్టించి, మన మహారాజులకూ దొరలకూ అమ్ముకున్నారు.

1888 లో వచ్చిన త్రీనాట్‌త్రీ మన అందరికీ తెలిసినదే. తరువాతి కాలంలో బెంగాల్ లోని ఇషాపూర్ కర్మాగారంలో ఆ తుపాకీ గొట్టాన్నే 410 కి తొలిచి, పోలీసులకూ కాపలాదారులకూ ఇచ్చారు. దాని తూటా మెడ నొక్కకుండా వదిలేసిన త్రీనాట్‌త్రీ డొల్లే. మెడ లేదు గనుక సైన్యం తుపాకీలో అది దూరదు. తూటాల పెట్టె ఉండే చోట చెక్క ముక్క బిగించారు, ఒకసారికి ఒక్క తూటాయే. తుపాకీ ఇచ్చారు గాని నమ్మకం ఇవ్వలేదు.

ఇక మన మన్యం సంగతి. 1922 ఆగస్టు 22 న చింతపల్లి, 23 న కృష్ణదేవిపేట, 24 న రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చిక్కాయి. గుమాస్తా బుద్ధి కొద్దీ భాగించి చూశాను. తుపాకీ ఒక్కింటికి నూరు తూటాల లోపే! నాటు తుపాకీకయితే మందు, సీసం దొరికితే చాలు. ఠాణా తుపాకీకి సరైన డొల్లా, అడుగున టోపీ కావాలి. ఆ రెండూ సర్కారు కర్మాగారంలో తయారయ్యేవే గాని కొండ మీద కొలిమిలో అయ్యేవి కావు. ప్రభుత్వం కూడా త్వరగానే మేలుకున్నది. అక్టోబరు 15 న అడ్డతీగల, 19 న రంపచోడవరం ఠాణాల మీదికి దళం వచ్చేసరికి పోలీసులు ఆయుధాలు దాచేశారు. డిసెంబరు 6 న పెదగడ్డపాలెం వద్ద దళానికి గట్టి దెబ్బ తగిలింది. 1924 మే 7 న కొయ్యూరు దగ్గర రాజుగారిని కాల్చి చంపారు. చేతిలో ఉన్న తూటాలు తప్ప వెనుక నుంచి వచ్చే సరఫరా లేని ఆ కొద్దిమంది అంతకాలం నిలిచారంటే, ఆ ధైర్యానికి కొలత ఏ రిజిస్టరులో రాయగలం?

స్వాతంత్ర్యం వచ్చాక సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటాకు మారింది. పోలీసుల చేతిలో త్రీనాట్‌త్రీ చాలాకాలం నిలిచింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికింది 2020 లో. సామాన్యులకు మాత్రం ఆ బోరు నేటికీ నిషిద్ధమే. లైసెన్సు మీద దొరికే 315 బోరు తూటా ఆస్ట్రియా వారి పాత మాన్‌లిచర్ తూటా నుంచి వచ్చింది. దొరలు పోయినా, గడి పోలేదు. అయితే అప్పుడు అది ప్రజలకు భయపడి పెట్టిన గడి, ఇప్పుడు ప్రజల రక్షణ కోసం ఉంచిన గడి. ఆ తేడా చిన్నది కాదు.

మా అచ్యుతాపురం నుంచి నర్సీపట్నం మీదుగా కృష్ణదేవిపేట వెళితే రాజుగారి సమాధి చూడవచ్చు. ఈసారి మనుమలను తీసుకువెళ్లే సభ్యులు, నూరు లోపు తూటాల లెక్క కూడా వారికి చెప్పవలసిందిగా నా మనవి.