తానీషా బిడారు మన దారిన ఆగింది

మే నెల వస్తే ఆదివారం పేజీకి రెండు సాకులు దొరుకుతాయి. 11న రవీంద్రభారతి పుట్టినరోజు, 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. బందరు, గుడివాడ, అవనిగడ్డల నుంచి సెలవులకు హైదరాబాదు వెళ్లినవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ కోసం ఎలాగూ మెడలు సాచి నిలబడతారు. సాయంత్రం రవీంద్రభారతిలో కూచిపూడి ఉందంటే అటు నడుస్తారు. కానీ ఒకప్పుడు రాజధానే మన ఊళ్లకు వచ్చేది.

చరిత్ర ఇక్కడ పొదుపుగా మాట్లాడుతుంది. టాలెమీ రెండో శతాబ్దంలో రాసిన కంటకస్సిల రేవు దివిసీమ అంచునున్న మన ఘంటసాలేనంటారు. అక్కడి నుంచి గోలకొండ ఏలుబడికి గెంతేద్దాం. అప్పటికి బందరు కుతుబ్‌షాహీల రేవు. 1611లో ఇంగ్లీషువాళ్లు కోఠీ పెట్టారు. కరక్కాయ నీళ్లూ గేదెపాలలో తడిపి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరేసిన కసింతో నలుపు గీసి, పటికతో ఎరుపు పట్టించిన తీరాంధ్ర అద్దకాలు ఓడలెక్కాయి. ఆ కాలపు కోరమాండల్ అద్దకాలు ఇవాళ న్యూయార్కు మెట్రోపాలిటన్, లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియాల్లో ఉన్నాయి. మనవి అలా అటు వెళ్తే, సాలార్‌జంగ్‌లో మనం నోరెళ్లబెట్టే మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నది 1876లో!

నాకిష్టమైన కథ మాత్రం కూచిపూడిది. 1678 ప్రాంతంలో గోలకొండ రాజు అబుల్ హసన్ తానీషా బందరు వెళ్తూ దారిలో ఆ ఊళ్లో విడిది చేశాడట. రాత్రి ఆట కట్టారు. దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమంటుంది. ఆ వెలుగులో ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా పొడవాటి జడ వచ్చి ముందుకు పడుతుంది. దాని మీద నాగరం, సూర్యచంద్రులు. సత్యభామ ఇంకా కనబడలేదు, జడే సవాలు విసిరింది. తెర దిగితే భామ మగవాడు! ఆ రాత్రి ఆడింది భామాకలాపమేనని పందెం కాయను గాని, అంతకంటే రాజును పడగొట్టే ఆట ఇంకేముంటుంది? మురిసిపోయిన తానీషా ఊరినే భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. తర్వాత 1763లో ఆ అగ్రహారాన్ని కుటుంబాల మధ్య పంచాల్సి వచ్చింది. కళాకారులైతే మాత్రం, భూమి దగ్గర తెలుగువాళ్లే కదా.

ఆపైన దారి చిక్కుపడుతుంది. 1910లో బందరులో జాతీయ కళాశాల వచ్చింది. బెంగాలు నుంచి ప్రమోదకుమార్ చటోపాధ్యాయ వచ్చి చిత్రలేఖనం నేర్పారు, అడివి బాపిరాజు అక్కడ ప్రిన్సిపాల్ అయ్యారు. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం మద్రాసు చేరి 1963లో నాట్య అకాడమీ పెట్టారు. ఆడపిల్లలు గజ్జె కట్టారు. 1961లో ఠాగూరు శతజయంతికి రవీంద్రభారతి లేచింది, 1968లో సాలార్‌జంగ్ మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. 2014లో రాష్ట్రమే రెండైంది, రవీంద్రభారతీ సాలార్‌జంగూ పక్క రాష్ట్రంలో ఉండిపోయాయి. విజయవాడలో బాపు మ్యూజియం ఉంది, తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం ఉంది. అయినా పిల్లలు హైదరాబాదే అంటారు.

వెళ్లండి, చూడండి. వెళ్లేముందు పిల్లలను ఒక పూట కూచిపూడికీ, బందరు పక్కనే ఉన్న అద్దకాల ఊరు పెడనకూ తీసుకెళ్లండి. ఇంకో మాట: సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు.