ఊపిరా? నాడియా? – శరీరధర్మశాస్త్రానికి హైదరాబాదు పెట్టిన పరీక్ష

వైద్యవిద్యార్థి మొదటి సంవత్సరంలోనే చదువవలసిన శాస్త్రాలలో ఫిజియాలజీ ఒకటి. దీనిని మనం తెలుగులో శరీరధర్మశాస్త్రం అంటున్నాము. ఈ సమాసంలోని ‘ధర్మ’ శబ్దం గమనింపదగినది. నిప్పుకు కాల్చడం ధర్మం, నీటికి పల్లానికి పారడం ధర్మం అన్నప్పుడు ఏ అర్థమో, ఇక్కడా అదే అర్థం. అవయవం ఎక్కడ ఉన్నది, ఎట్లా ఉన్నది అని చెప్పేది శరీరనిర్మాణశాస్త్రం. అది ఎట్లా పనిచేస్తుంది, ఎందుకు ఆగిపోతుంది అని విచారించేది శరీరధర్మశాస్త్రం. ఈ రెండవ ప్రశ్నకు తప్పు సమాధానం నేర్చుకుంటే దాని మూల్యం రోగి చెల్లించవలసి వస్తుంది.

సికింద్రాబాదులో నేడు ఈ చదువుకు నెలవు గాంధీ వైద్య కళాశాల. 1954లో స్థాపితమైన ఈ కళాశాల 2003లో ముషీరాబాదుకు తరలివచ్చింది. సికింద్రాబాదు, వైద్యచరిత్ర అనగానే అందరికీ జ్ఞప్తికి వచ్చేది రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న ఆయన బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. అయితే అంతకు ఎనిమిదేళ్లు ముందే, హుస్సేన్ సాగరుకు ఆవలిగట్టున ఉన్న హైదరాబాదులో, శరీరధర్మశాస్త్రానికి సంబంధించిన ఒక పెద్ద వివాదం విచారణకు వచ్చింది. దానిని తలచుకొనేవారు తక్కువ.

హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో ఏర్పడింది. తొలుత బోధన ఉర్దూలో సాగేది, తరువాత ఇంగ్లీషులో సాగింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన తరువాత వైద్యవిద్య మళ్లీ ఉర్దూలోకి, 1948 తరువాత మళ్లీ ఇంగ్లీషులోకి మారింది. ఇన్ని మార్పులలో తెలుగుకు ఒక్కసారీ వంతు రాలేదన్న సంగతి మాత్రం చెప్పక తప్పదు.

1880వ దశకంలో ఆ పాఠశాలకు అధిపతి, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ. ఆయన ఎడింబరోలో జేమ్స్ సైమ్ అనే ప్రఖ్యాత శస్త్రవైద్యుని శిష్యుడు. అదే ఎడింబరోలో 1847లో సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. కత్తి నొప్పి తెలియకుండా చేసే ఆ ద్రవాన్ని లోకం అమృతమన్నట్లు స్వీకరించింది. మరుసటి ఏడే, 1848లో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక, కాలిగోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలలోనే మరణించింది. అటువంటి మరణాలు ఆ తరువాత కూడా ఆగలేదు. ఈ మందు ప్రాణం ఎట్లా తీస్తున్నది? ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా?

లండను వైద్యులు పలువురు గుండెను అనుమానించి, నాడిని కనిపెట్టి ఉండాలన్నారు. ఊపిరిని గమనిస్తూ మందు ఇస్తే ప్రమాదం లేదని సైమ్ సంప్రదాయం. లారీ గురువుగారి మాటనే పట్టుకొని, విద్యార్థులచేత ఆ విధంగానే అభ్యాసం చేయించాడు. చెయ్యి పట్టి నాడి చూసే వైద్యునికి అలవాటుపడిన మన దేశంలో, నాడి వంక చూడవద్దు, ఊపిరినే చూడుమని బోధించడం విశేషమే.

1888లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం పక్షాన మొదటి క్లోరోఫారం కమిషన్ ఏర్పడింది. జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చింది. లండనులోని లాన్సెట్ పత్రిక అంగీకరించలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీరే ఒక నిపుణుని పంపండని కోరాడు. వచ్చినవాడు లాడర్ బ్రంటన్. గుండెకు ప్రమాదం ఉన్నదని నమ్మినవాడు. 1889లో జరిగిన రెండవ కమిషన్ కుక్కలు, కోతులు, మేకలు మొదలైన వందలాది మూగజీవాల మీద ప్రయోగాలు చేసింది. ప్రతిపక్షిగా వచ్చిన బ్రంటన్ కూడా లారీ పక్షానికే చేరాడు. 1890లో ఆ నివేదిక లాన్సెట్‌లోనే వెలువడింది. హైదరాబాదు గెలిచింది!

కానీ ఆపరేషన్ బల్లల మీద మరణాలు ఆగలేదు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి అసలు సంగతి బయటపెట్టాడు. మత్తు గాఢంగా ఉన్నప్పుడు కంటే తేలికగా ఉన్నప్పుడే గుండెకు ముప్పు ఎక్కువ. క్లోరోఫారం గుండె కండరాన్ని అతిసున్నితం చేస్తుంది. ఆ స్థితిలో భయంచేతనో, నొప్పిచేతనో అడ్రినలిన్ రక్తంలోకి ఉరికితే, గుండె జఠరికలు లయ తప్పి ఊరక అదురుతాయి, రక్తాన్ని నెట్టలేవు. మందు ఎక్కువైతే ఊపిరి ముందుగా ఆగుతుందని హైదరాబాదులో చూసినది అబద్ధం కాదు. ఎప్పుడూ అంతేనని, గుండెకు భయం లేదని తీర్మానించడమే పొరపాటు. ప్రయోగం అడిగిన ప్రశ్నకే బదులిస్తుంది. అడగని ప్రశ్నకు మనం కల్పించుకొన్న బదులు దాని నెత్తిన రుద్దరాదు.

ఈ వివాదం నడుస్తున్న రోజులలోనే ఆ పాఠశాలలో ఒక పార్శీ యువతి చదువుకొన్నది. ఆమె పేరు రూపాబాయి ఫర్దూన్జీ. 1885లో చేరి, 1889లో హకీం పట్టా పొందింది. మత్తు ఇవ్వడమే వృత్తిగా స్వీకరించి హైదరాబాదు ఆసుపత్రులలో పనిచేసింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తువైద్యురాలని చరిత్రకారులు ఆమెను పేర్కొంటారు. నాకు అంతకన్న గొప్పగా తోచే విషయం మరొకటి ఉన్నది. పట్టా పుచ్చుకొన్న ఇరవై ఏళ్లకు, 1909లో, ఆమె ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకొన్నది. చేయి తిరిగిన వైద్యురాలికి ఆ వయసులో మళ్లీ విద్యార్థి కావలసిన అగత్యం ఏమిటి? తాను రోజూ రోగికి పీల్పించే ఆవిరి స్వభావం తెలియాలంటే దాని మూలశాస్త్రాలు తెలియాలి కదా!

లారీ నిష్ఠ గొప్పది. ఊపిరిని కనిపెట్టుకొని ఉండమన్న ఆయన బోధ నేటికీ శిరోధార్యమే. కానీ గురువాక్యాన్ని నిలబెట్టాలన్న పట్టుదల ఆయన చూపును ఒకవైపే నిలిపింది. రూపాబాయి తన విద్యను ముగిసినదిగా ఎంచలేదు. క్లోరోఫారం 20వ శతాబ్ది మధ్యభాగం తరువాత క్రమంగా మూలపడింది. నేటి ఆపరేషన్ గదిలో ఊపిరి, నాడి, రక్తపోటు, రక్తంలోని ప్రాణవాయువు – అన్నిటినీ ఒక్కసారే యంత్రాలు చూపుతూ ఉంటాయి. ఆ తెర వెనుక నూరేళ్ల వాదం ఉన్నది.

తెలుగులో ‘ప్రాణం’ అంటే ఊపిరీ అవుతుంది, జీవమూ అవుతుంది. భయం వేస్తే మాత్రం మనం ‘గుండె ఆగినంత పనైంది’ అంటాము. మన వాడుక ఊపిరినీ గుండెనూ రెండింటినీ పట్టుకొనే ఉన్నది.

ముషీరాబాదులోనైనా కోఠీలోనైనా మొదటి సంవత్సరం ఫిజియాలజీ పుస్తకం తెరిచే పిల్లలు మీ ఇళ్లలో ఉంటే, రాస్ కథతో పాటు రూపాబాయి కథ కూడా చెప్పండి.