1858 అట్లాంటిక్ తంతి కేబుల్: విద్యుద్బంధక భంగం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

విద్యుత్తును తన గుండా పోనివ్వని పదార్థం విద్యుద్బంధకం. వోల్టేజీ ఒక హద్దు దాటినప్పుడు అది ఆ గుణాన్ని కోల్పోయి విద్యుత్తుకు దారి ఇవ్వడమే బంధక భంగం. ఈ హద్దు పదార్థానికి సహజంగా ఉన్నదా, లేక అందులోని లోపాలను బట్టి మారేదా అన్న ప్రశ్నను 1858 నాటి అట్లాంటిక్ తంతి కేబుల్ వైఫల్యం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. వైఫల్యం – విచారణ

ఐర్లాండు, న్యూఫౌండ్‌లాండ్‌ల మధ్య 1858 ఆగస్టు 5న పూర్తయిన ఈ కేబుల్‌లో ఏడు పోగుల రాగి తీగపై మూడు పొరల గట్టాపెర్చా ఉండేది. ఇది మలయా ప్రాంతపు చెట్ల పాలనుండి తయారయ్యే పదార్థం. ఆగస్టు 16న విక్టోరియా రాణి పంపిన 98 పదాల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. విలియం థామ్సన్ స్వల్ప విద్యుత్తును సైతం పసిగట్టే దర్పణ గాల్వనోమీటరును రూపొందించాడు. కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ మాత్రం ఐదడుగుల ప్రేరణ చుట్టలతో సుమారు 2,000 వోల్టులు ప్రయోగించాడు. సెప్టెంబరు మొదట్లో వార్తలు అందడం ఆగిపోయింది.

అప్పటికే ఉద్యోగం కోల్పోయిన వైట్‌హౌస్‌పైనే నింద పడింది. వృత్తిరీత్యా అతడు శస్త్రవైద్యుడు కావడం ఆ నిందకు బలమిచ్చింది. అయితే బ్రిటిష్ ప్రభుత్వం, కంపెనీ కలిసి నియమించిన సంఘం 1861 నివేదికలో తయారీ లోపాలను కూడా ఎత్తిచూపింది. ఎండలో నిల్వ ఉంచినప్పుడు గట్టాపెర్చా మెత్తబడి, రాగి తీగ నడిమి నుండి పక్కకు ఒరిగింది.

3. శాస్త్రీయ వివరణ

పొర పలుచబడినచోట అదే వోల్టేజీ తక్కువ మందంపై పడి క్షేత్ర తీవ్రత పెరుగుతుంది. ఘనపదార్థంలో గాలిబుడగ ఉంటే క్షేత్రం దానిలో మరింత తీవ్రమై, చిన్న ఉత్సర్గాలు పుట్టి చుట్టూ ఉన్న పదార్థాన్ని క్రమంగా తినేస్తాయి. 1922లో కె. డబ్ల్యూ. వాగ్నర్ మరొక మార్గాన్ని వివరించాడు: బలహీనమైన చోట ప్రసరించే విద్యుత్తు వేడిని పుట్టిస్తుంది, వేడి వాహకత్వాన్ని పెంచుతుంది, పెరిగిన విద్యుత్తు మరింత వేడిని పుట్టిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ నూనె వంటి ద్రవాలలో తేమ పట్టిన నారపోగులు క్షేత్రం వెంట బారులు తీరి వంతెన కడతాయి. ఉత్సర్గం ఆగాక ద్రవం ఆ చోటును మళ్ళీ నింపుకొంటుంది. ఘనంలో ఏర్పడిన రంధ్రం మాత్రం పూడదు.

4. ముగింపు

కాబట్టి బంధకం బలాన్ని నిర్ణయించేది దాని సగటు మందం కాదు, అత్యంత బలహీనమైన చోటు. 2,000 వోల్టులు అప్పటికే ఉన్న లోపాన్ని త్వరగా బయటపెట్టాయని భావించడం సమంజసం. 1866 కేబుల్‌లో గట్టాపెర్చాను నాటికల్ మైలుకు 261 పౌన్ల నుండి 400 పౌన్లకు పెంచారు. ఆ కేబుల్ నిలిచింది. వైఫల్యాన్ని ఒక వ్యక్తికే అంటగట్టిన కథనం ఈ మార్పుకు కారణం చెప్పలేదు. బంధకాన్ని పరీక్షించిన విచారణ చెప్పగలదు.