బాబ్స్ (కారు)

బాబ్స్ విమాన ఇంజనుతో నిర్మించిన ఒక బ్రిటిషు పందెపు కారు. 1926లో వేల్స్‌లోని పెండైన్ సముద్రతీరంలో ఇది నేలపై ప్రపంచ వేగ రికార్డును నెలకొల్పింది. మరుసటి సంవత్సరం అదే తీరంలో జరిగిన ప్రమాదంలో దీనిని నడుపుతున్న జె.జి. పారీ-థామస్ మరణించాడు. 42 సంవత్సరాలు ఇసుకలో పూడి ఉన్న ఈ కారును 1969లో వెలికితీసి పునరుద్ధరించారు.

నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, యుద్ధ విమానాల కోసం తయారైన ఇంజన్లు అనేకం మిగిలిపోయి చవకగా లభించాయి. కొందరు ఔత్సాహికులు వీటిని పాత కార్ల చట్రాలపై అమర్చి పందెపు కార్లు తయారుచేశారు. వీరిలో కౌంట్ లూయీ జ్బొరౌస్కీ ప్రముఖుడు. ఇతడు 1921లో మెర్సిడెస్ చట్రంపై 23 లీటర్ల మేబాక్ విమాన ఇంజనును అమర్చి "చిట్టీ బాంగ్ బాంగ్" అనే కారును రూపొందించాడు.

నిర్మాణం

బాబ్స్ మొదటి పేరు హైయమ్ స్పెషల్. కాంటర్‌బరీ సమీపంలోని తన హైయమ్ ఎస్టేటులో ఇంజనీరు క్లైవ్ గాలప్ సహాయంతో జ్బొరౌస్కీ దీనిని నిర్మించాడు. ఇందులో అమర్చినది అమెరికాలో రూపొందిన 27 లీటర్ల లిబర్టీ ఇంజను. దీనికి 12 సిలిండర్లు, సుమారు 450 అశ్వశక్తి ఉన్నాయి.

ఇటువంటి కార్ల నిర్మాణంలో ఇంజనును సంపాదించడం కంటే దాని శక్తిని చక్రాలకు చేరవేయడమే కష్టం. విమాన ఇంజను తక్కువ భ్రమణ వేగంలోనే అత్యధిక టార్కును ఇస్తుంది. అందువలన దీనిలో బ్లిట్జెన్ బెంజ్ కారు గేరుబాక్సును వాడి, అక్కడినుండి వెనుక చక్రాలను గొలుసులతో నడిపించారు.

రికార్డు, ప్రమాదం

1924లో మోంజా పందెంలో జ్బొరౌస్కీ మరణించగా, పారీ-థామస్ ఈ కారును 125 పౌండ్లకు కొన్నాడు. తాను రూపొందించిన పిస్టన్లు, నాలుగు కార్బురేటర్లు అమర్చి, దీనికి బాబ్స్ అని పేరు పెట్టాడు. 1926 ఏప్రిల్ 28న గంటకు 171.02 మైళ్ళ (సుమారు 275 కి.మీ.) వేగాన్ని సాధించాడు.

1927 ఫిబ్రవరిలో మాల్కమ్ కాంప్‌బెల్ ఈ రికార్డును అధిగమించాడు. దానిని తిరిగి సాధించే ప్రయత్నంలో మార్చి 3న బాబ్స్ అదుపుతప్పి బోల్తాపడింది. నేలపై వేగ రికార్డు కోసం ప్రయత్నిస్తూ మరణించిన మొదటి చోదకుడు పారీ-థామస్. గొలుసు తెగి అతని తలకు తగిలిందని చాలాకాలం భావించారు. కారును వెలికితీశాక, వెనుక చక్రం ముందుగా విరిగి ఉంటుందనే అభిప్రాయం బలపడింది.

పునరుద్ధరణ

ప్రమాదం తరువాత కారును పెండైన్ తీరంలోనే పూడ్చివేశారు. 1969లో ఇంజనీరింగు అధ్యాపకుడు ఓవెన్ విన్ ఓవెన్ దానిని తవ్వించి, అనేక సంవత్సరాలు శ్రమించి మరలా నడిచే స్థితికి తెచ్చాడు.