ఇబ్రహీంపట్నం: అక్టోబరు వాతావరణం

రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఉన్న ఇబ్రహీంపట్నానికి అక్టోబరు సంధికాలం. నైరుతి ఋతుపవనాలు సాధారణంగా నెల మధ్యకల్లా వెనుదిరగడంతో గాలిలో తేమ తగ్గి, ఆకాశం తేటపడి, నేల పగటి వేడిని రాత్రివేళ త్వరగా కోల్పోతుంది. అందువల్ల 31 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండే పగటి గరిష్ఠానికి, 20 డిగ్రీలకు చేరువయ్యే రాత్రి కనిష్ఠానికి అంతరం పెరుగుతుంది. సమీప హైదరాబాదులో ఈ నెల సగటు వర్షపాతం సుమారు 100 మిల్లీమీటర్లే అయినా, ఆ సగటును నమ్ముకోవడం కష్టం. బంగాళాఖాతంలో అల్పపీడనం, అంటే చుట్టుపక్కల కంటే గాలి ఒత్తిడి తగ్గిన ప్రాంతం, బలపడి వాయుగుండమై తీరం దాటితే నెల వానంతా ఒక్క రాత్రిలోనే కురవవచ్చు. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం హైదరాబాదు పరిసరాలను అలాగే ముంచెత్తింది. ఇబ్రహీంపట్నంలోని కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువుకు ఇటువంటి వానలు నీరు చేర్చినా, చేలో విచ్చుకున్న పత్తి మాత్రం తడిసి రంగు మారుతుంది.