మనోవా లోయలో మహిళల వాలీబాల్

హవాయి విశ్వవిద్యాలయం మహిళా వాలీబాల్ జట్టుకు 1975 నుంచి 2016 వరకు, 42 సీజన్లపాటు, ఒక్కరే కోచ్. ఆయన డేవ్ షోజీ. ఆ కాలంలో జట్టు 1,202 మ్యాచ్‌లు గెలిచి 204 ఓడింది. 1979, 1982, 1983, 1987 సంవత్సరాల్లో జాతీయ ఛాంపియన్‌గా నిలిచింది. హొనొలులూ నగరపు మనోవా లోయలోని ఈ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల ఆటకు టికెట్ కొని జనం రావడం, ఆ డబ్బుతో జట్టు తన ఖర్చు తాను భరించుకోవడం అమెరికా కళాశాలల క్రీడాచరిత్రలో అరుదైన సంగతి. అయితే ఈ కథ షోజీతో మొదలు కాలేదు. ఆయన వచ్చేనాటికే ఒక చట్టం, ఒక పాలకురాలు, ఆటంటే చెవికోసుకునే ఒక ఊరు సిద్ధంగా ఉన్నాయి.

వాలీబాల్‌ను 1895లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోలియోక్‌లో వైఎంసీఏ అనే యువజన సంస్థ ఉద్యోగి విలియం మోర్గన్ రూపొందించాడు. ఖర్చు తక్కువ, పరికరాలు తక్కువ కావడంతో వైఎంసీఏ వెళ్లిన చోటికల్లా అదీ వెళ్లింది. హవాయి దీవుల్లో అది సముద్రతీరానికి చేరింది. వైకీకీ ఒడ్డున ఉన్న ఔట్‌రిగ్గర్ కెనూ క్లబ్ సభ్యులు అలలు లేని వేళల్లో ఇసుకలో నెట్ కట్టి ఆడుకునేవారు. బీచ్ వాలీబాల్ అక్కడే పుట్టిందని హవాయివాళ్లు, కాదు తమ దగ్గరేనని కాలిఫోర్నియావాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. వాదన ఎటు తేలినా, దీవుల్లోని బడుల్లోనూ క్లబ్బుల్లోనూ ఆడపిల్లలు బంతి పట్టడం 1970ల నాటికి కొత్త విషయం కాదు. కొరతల్లా విశ్వవిద్యాలయ స్థాయిలోనే ఉండేది. అమెరికా కళాశాలల్లో ఆటల బడ్జెట్ దాదాపుగా మగపిల్లలదే. ఆడపిల్లలకు మిగిలినవి వ్యాయామ శాఖ దయతో నడిచే చిన్నాచితకా పోటీలు.

ఈ స్థితిని మార్చిన చట్టం 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో వచ్చింది. దాన్ని ‘టైటిల్ నైన్’ అంటారు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాకార్యక్రమంలోనూ స్త్రీ పురుష వివక్ష ఉండరాదన్నది దాని సారం. మూల వాక్యంలో ఆటల ప్రస్తావనే లేదు. చదువులో, ఉద్యోగాల్లో తలుపులు తెరవడమే దాన్ని రాసినవాళ్ల ప్రధాన ఉద్దేశం. అలా పోరాడినవారిలో ముఖ్యురాలు ప్యాట్సీ మింక్. హవాయిలోని మావీ దీవిలో జపాన్ సంతతి కుటుంబంలో పుట్టిన ఆమె, ఆడపిల్లగా వైద్య కళాశాలల్లో సీటు దొరక్క న్యాయశాస్త్రం చదివి, 1964లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైంది. శ్వేతజాతికి చెందని మహిళ ఆ సభలో అడుగుపెట్టడం అదే మొదలు. 2002లో ఆమె మరణించాక చట్టానికి ఆమె పేరే పెట్టారు. ఆటలకూ చట్టం వర్తిస్తుందని తేలడానికి కొన్నేళ్లు పట్టింది. అప్పట్లో పురుషుల క్రీడలను నడిపిన ఎన్‌సీఏఏ అనే పెద్ద సంఘం, తమకు ఆదాయం తెచ్చే ఆటలను చట్టం నుంచి మినహాయించాలని గట్టిగా పట్టుబట్టింది. ఆ ప్రయత్నం నెగ్గలేదు.

చట్టం వచ్చిన ఏడాదే హవాయి విశ్వవిద్యాలయంలో మహిళా క్రీడల డైరెక్టర్‌గా డానిస్ థాంప్సన్ బాధ్యత తీసుకుంది. షికాగో నుంచి వచ్చిన ఈ నల్లజాతి మహిళ 1960ల తొలినాళ్లలోనే అక్కడ పరుగుపందేల జట్టును నడిపింది. ఇప్పుడు ఆమె చేతిలో డబ్బు తక్కువ, చేయాల్సింది చాలా. అన్ని ఆటలకూ కొద్దికొద్దిగా పంచిపెట్టే బదులు, స్థానికులకు ముందే మక్కువ ఉన్న వాలీబాల్‌ను ముందుకు తేవాలని ఆమె నిర్ణయించుకుంది. ఉచిత ప్రవేశం పెట్టి చేతులు దులుపుకోలేదు. బలమైన ప్రత్యర్థులను ప్రధాన భూభాగం నుంచి రప్పించి, నగరంలోని పెద్ద ప్రదర్శనశాలలో మ్యాచ్ పెట్టి, టికెట్ అమ్మించింది. ఆడపిల్లల ఆటకు ఎవరు వస్తారన్న ప్రశ్నకు జనమే బదులిచ్చారు. జట్టు కట్టిన ఘనత షోజీకి ఇవ్వడం మామూలైపోయింది గానీ, జట్టుకో మార్కెట్ ఉందని ముందుగా పసిగట్టింది థాంప్సనే. 1981లో ఆమె హవాయి రాష్ట్ర పాఠశాలలన్నిటికీ సూపరింటెండెంట్‌గా వెళ్లింది.

1974లో అలన్ కాంగ్ శిక్షణలో ఈ జట్టు జాతీయ ఫైనల్ దాకా వెళ్లి లాస్ ఏంజిలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం చేతిలో ఓడింది. మరుసటి ఏడాది వచ్చిన షోజీ వయసు అప్పటికి 28. ఆయన తండ్రి కోబీ షోజీ రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సంతతి సైనికులతో ఏర్పడిన 442వ రెజిమెంట్‌లో పోరాడి, ఆ తర్వాత చెరకు పొలాల్లో బిందు సేద్యంపై పేరు తెచ్చుకున్న వ్యవసాయ శాస్త్రవేత్త. కొడుకు కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో చదువుతూ దేశస్థాయి వాలీబాల్ ఆటగాడయ్యాడు. ఆడపిల్లల జట్టు కోచ్ పదవి అప్పట్లో పార్ట్‌టైమ్ కొలువు, జీవితాంతం చేసే ఉద్యోగంగా ఎవరూ చూసేవారు కాదు. తొలి సీజన్‌లోనే జట్టు మళ్లీ ఫైనల్ చేరి మళ్లీ యూసీఎల్ఏ చేతిలోనే ఓడింది. 1977 ఫైనల్‌లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఓడించింది. మూడు ఫైనళ్లు, మూడు ఓటములు.

ఈ ఓటముల నుంచి గెలుపు దాకా నడిచిన దారి తెలియాలంటే నాటి ఆట నియమాలు తెలియాలి. అప్పట్లో సర్వీస్ చేసిన జట్టుకే పాయింట్ వచ్చేది. అవతలి జట్టు ర్యాలీ గెలిస్తే దక్కేది సర్వీస్ మాత్రమే. అందువల్ల 15 పాయింట్ల సెట్‌లో 12-5తో వెనకబడినా, బంతి కింద పడనివ్వకుండా పట్టుదలగా ఆడే జట్టుకు ఆశ మిగిలే ఉండేది. సర్వీస్‌ను అందుకోవడం, కోర్టు వెనకభాగంలో పడబోయే బంతిని తీయడం ఈ పద్ధతిలో మరీ విలువైనవి. దీవుల అమ్మాయిలు ఎత్తులో కాలిఫోర్నియా అమ్మాయిలకు సాటి కాకపోయినా ఈ పనిలో చిన్ననాటి నుంచే ఆరితేరినవారు. షోజీ జట్ల పేరు ఎక్కువగా ఈ బంతి నియంత్రణ మీదే నిలిచింది.

నియంత్రణ ఒక్కటే పాయింట్లు తేదు. మొదటి పాస్ నెట్ దగ్గర నిలబడ్డ సెట్టర్ చేతిలో సరిగ్గా పడితే, ఆమె బంతిని నెట్ అంచు మీదికి కొద్దిగా మాత్రమే ఎత్తుతుంది. ఈలోపే మధ్యలో ఆడే అమ్మాయి గాల్లోకి లేచి చెయ్యి వెనక్కి తీసి ఉంటుంది. బంతి వచ్చాక ఎగిరితే ఆలస్యమే. ఎదుటి బ్లాకర్లు చేతులు పైకెత్తేలోగా స్మాష్ అయిపోతుంది. పాస్ ఒక మీటరు అటో ఇటో పడితే ఈ ఎత్తుగడ మొత్తం పాడవుతుంది. అప్పుడు బంతిని పక్కకు, ఎత్తుగా ఇవ్వడం తప్ప సెట్టర్‌కు మార్గం ఉండదు. బ్లాకర్లు తీరిగ్గా వచ్చి నిలబడతారు. అంటే మధ్యలో కొట్టే అమ్మాయి ఎంత గొప్పదైనా, ఆమె ఫలితం వెనక వరుస ముంజేతుల మీద ఆధారపడి ఉంటుంది. కావలసిన ఎత్తు, ఎగిరే బలం కోసం షోజీ బయటి రాష్ట్రాల అమ్మాయిలను తెచ్చుకున్నారు. పాస్, సెట్ దీవుల నుంచి, స్మాష్ ప్రధాన భూభాగం నుంచి అన్నట్టుగా జట్టు కూర్పు సాగింది. ఇది పూర్తిగా నిజం కాదు గానీ, దగ్గరి మాటే.

1979లో యూటా స్టేట్‌ను ఓడించి హవాయి తొలి జాతీయ పతాకం గెలిచింది. అప్పటి పోటీలను నడిపింది ఏఐఏడబ్ల్యూ. మహిళా వ్యాయామ ఉపాధ్యాయినులు 1971లో ఏర్పరచుకున్న సంఘం అది. చట్టం పుణ్యాన ఆడపిల్లల ఆటలకు విలువ పెరగగానే, నిన్నటిదాకా ముఖం తిప్పుకున్న ఎన్‌సీఏఏ 1981లో తన సొంత మహిళా ఛాంపియన్‌షిప్‌లు మొదలుపెట్టింది. దాని డబ్బు ముందు పాత సంఘం నిలవలేకపోయింది. 1982లో మూతపడింది. మహిళలు కట్టిన ఇంటికి వేరేవాళ్లు యజమానులయ్యారన్న బాధ ఆ తరం ఉపాధ్యాయినుల్లో చాలాకాలం ఉండిపోయింది. అది అకారణం కాదు.

కొత్త వ్యవస్థలో హవాయికి తొలి గెలుపు 1982 డిసెంబర్‌లో వచ్చింది. ఫైనల్‌లో దక్షిణ కాలిఫోర్నియాకు మొదటి రెండు సెట్లు సమర్పించుకుని, తర్వాతి మూడూ గెలిచి కప్పు అందుకుంది. ఆ సీజన్ మొత్తంలో ఓడింది ఒక్క మ్యాచే. కోర్టు మధ్యలో ఆడిన డీట్రా కాలిన్స్‌కు దేశంలో అన్ని ఆటలకూ కలిపి అత్యుత్తమ కళాశాల క్రీడాకారిణిగా ఇచ్చే బ్రాడెరిక్ కప్ లభించింది. 1983లో కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టన్‌లో యూసీఎల్ఏను వరుస సెట్లలో ఓడించి పాత బాకీ తీర్చుకున్నారు. 1987లో టీ విలియమ్స్ ప్రధాన అటాకర్‌గా ఉన్న జట్టు స్టాన్‌ఫర్డ్ మీద గెలిచింది. కాలిన్స్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున ఆడింది. విలియమ్స్ 1992 బార్సిలోనా కాంస్యంలో భాగస్వామి.

ఈ విజయాల్లో ఎక్కువ భాగం పునాది పడింది క్లమ్ జిమ్‌లో. ఏసీ లేని ఆ చిన్న హాలులో కొద్దివేలమందికి కూడా చోటుండేది కాదు. ఉష్ణమండలపు ఉక్కపోతలో జనం విసనకర్రలతో కూర్చునేవారు. ఐదు గంటల విమాన ప్రయాణం చేసి వచ్చిన అతిథి జట్లకు ఆ వేడి, ఆ అరుపులు అదనపు ప్రత్యర్థులు. హవాయికి పెద్ద వృత్తి లీగుల జట్లు లేవు. పేపర్లో మొదటి పేజీకి, టీవీలో సాయంత్రపు ప్రసారానికి విశ్వవిద్యాలయ జట్లే దిక్కు. స్థానిక ఛానెళ్లు ‘వాహినే’లుగా పిలిచే ఈ జట్టు మ్యాచ్‌లను ప్రత్యక్షంగా చూపించాయి. దాంతో ఇంట్లో అమ్మమ్మలకు సైతం సెట్టర్ పేరు తెలిసేది. 1994 అక్టోబర్‌లో పదివేల మూడువందల సీట్ల కొత్త ఎరీనా తెరిచారు. 1990ల మధ్య నుంచి 2012 వరకు మహిళా వాలీబాల్ ప్రేక్షకుల సంఖ్యలో హవాయి దాదాపు ప్రతి ఏడాదీ దేశంలో మొదటి స్థానంలో ఉంది. 2013లో నెబ్రాస్కా పెద్ద హాలుకు మారాక ఆ స్థానం చేజారింది.

1987 తర్వాత జాతీయ పతాకం మాత్రం రాలేదు. 1988 ఫైనల్‌లో టెక్సస్, 1996 ఫైనల్‌లో స్టాన్‌ఫర్డ్ ఓడించాయి. 1995లో ఒక్క ఓటమీ లేకుండా ప్రాంతీయ ఫైనల్ దాకా వచ్చిన జట్టు సొంత ఎరీనాలోనే మిషిగన్ స్టేట్ చేతిలో చతికిలబడింది. 2009 సెమీఫైనల్‌లో, ఓటమి ఎరుగని పరంపరలో ఉన్న పెన్ స్టేట్ అడ్డుపడింది. కారణాలు మైదానం బయట వెతకాలి. ఫుట్‌బాల్ ప్రసారాల కోట్లతో పెద్ద లీగుల విశ్వవిద్యాలయాలు మహిళా వాలీబాల్‌కూ హాళ్లు, పూర్తిస్థాయి కోచ్‌లు సమకూర్చాయి. హవాయి ఆ లీగుల్లో లేదు. 2001లో ప్రతి ర్యాలీకీ పాయింట్ ఇచ్చే పద్ధతి వచ్చాక, ఓపికతో లాక్కొచ్చే పాత ఆటకు విలువ తగ్గి, ఎత్తుకూ బలమైన సర్వీస్‌కూ పెరిగింది. ఒకప్పుడు పది జట్ల మధ్య సాగిన పోటీ వందల జట్లకు విస్తరించింది. హవాయి వెనకబడింది అనడం కన్నా, మిగతావారు దాన్ని చూసి ఎదిగారు అనడం సబబు.

అలా ఎదిగినవారిలో కోచ్‌లు చాలామంది మగవాళ్లే. చట్టం రాకముందు మహిళా జట్ల కోచ్‌లలో పదిమందికి తొమ్మిదిమంది మహిళలు. ఉద్యోగానికి జీతం, పరపతి వచ్చాక మగవాళ్లు దరఖాస్తు చేశారు, పదవులు వాళ్లకే ఎక్కువగా దక్కాయి. మహిళా కోచ్‌ల వాటా సగానికి దిగువకు పడిపోయింది. షోజీ, యూసీఎల్ఏలో ఆండీ బనచౌస్కీ, పెన్ స్టేట్‌లో రస్ రోజ్ నిజంగా సమర్థులు. వాళ్ల ప్రతిభ కాదనలేనిది. కానీ 1981లో మొదలైన ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి ఛాంపియన్‌షిప్‌ను ఒక మహిళా హెడ్ కోచ్ గెలవడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ కోచ్ పెన్ స్టేట్ పూర్వ క్రీడాకారిణి కేటీ షూమాకర్ కాలీ. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూనే ఆ సీజన్‌ను నడిపించింది.

షోజీ 2013లో బనచౌస్కీని దాటి అత్యధిక విజయాల కోచ్‌గా నిలిచారు. తర్వాత రోజ్ ఆయన్ను దాటారు. 2017 ఫిబ్రవరిలో షోజీ పదవి వదిలారు. ఆయన కొడుకులు కవికా, ఎరిక్ 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా పురుషుల జట్టుతో కాంస్యం గెలిచారు. ఆయన దగ్గర పదేళ్లకు పైగా సహాయకుడిగా పనిచేసిన చార్లీ వేడ్, హవాయి పురుషుల జట్టును 2021, 2022లలో జాతీయ విజేతగా నిలిపాడు. మహిళా జట్టు బాధ్యత రాబిన్ ఆ మౌకు వెళ్లింది. హొనొలులూలో మెకిన్లీ హైస్కూల్లో చదివి, 1993 నుంచి 1996 వరకు షోజీ జట్టుకు సెట్టర్‌గా ఆడి, మూడు ఒలింపిక్స్‌లో పాల్గొని, 2008 బీజింగ్‌లో వెండి పతకం తెచ్చుకున్న క్రీడాకారిణి ఆమె.